గోడ నిండా పెళ్లి

వరహాలమ్మ నోటికి గోవింద్‌పూర్‌లో జడవని వాళ్లు లేరు. మొగుడు పోయాక లారీల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో కూరలు తరిగి ఇద్దరు పిల్లల్ని గట్టెక్కించిన మనిషి. అలాంటి మనిషికి ఆ మాత్రం నోరు లేకపోతే ఎలా?

ఆ ఆదివారం తమ్ముడు పైడిబాబు చుట్టాలందర్నీ సోనారిలోని తన ఇంటికి పిలిచాడు. కూతురు సోనీ పెళ్లి దగ్గర పడింది. ఈలోగా తన పెళ్లి వీడియో అందరికీ చూపించాలని అతని సరదా. పాత క్యాసెట్‌ను సాక్చీ బజార్లో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకొచ్చాడు, కొత్త ప్రొజెక్టర్ కొన్నాడు, గోడంత తెర దించాడు. వరహాలమ్మ మాత్రం వాళ్లమ్మను చూడ్డానికే వచ్చింది. పోయిన అమ్మకు ఎక్కడా ఒక్క ఫొటో లేదు. ఉంటే ఆ క్యాసెట్‌లోనే ఉండాలి.

తాడు తెగిన మనిషి అని తమ్ముడి పెళ్లి రోజు అమ్మను పందిరి దరికి రానివ్వలేదు. పీటల మీద చిన్నాన్న, పిన్ని కూర్చున్నారు. వంటల దగ్గర నక్కిన అమ్మను వరహాలమ్మే రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. అమ్మ పెళ్లరుగు ఎక్కనంటే ఎక్కనని, దాని కిందే నేల మీద కూలబడింది.

బొమ్మ మొదలైంది. రెండు పక్కలా నల్లటి పట్టీలు చూసి పైడిబాబు ప్రాణం ఉసూరుమంది. ఇంత తెర కొన్నది నలుపు చూడ్డానికా? రిమోట్ నొక్కి జూమ్‌లో పెట్టాడు. గోడ నిండిపోయింది. పైనా కిందా బొమ్మ తెగిపోయిన సంగతి ఎవరికీ పట్టలేదు. తలంబ్రాలయ్యాయి, అక్షింతలు మొదలయ్యాయి. నాలుగు గింజలు కింద నుంచి ఎగిరొచ్చి పెళ్లికొడుకు మీద పడ్డాయి. వేసిన మనిషి మాత్రం కనబడలేదు.

"అమ్మేదిరా?" అంది వరహాలమ్మ.

"ఇందల నేదేమో అప్పా."

"నేకపోడమేటి? నానే కదా కూకోబెట్టినాను. ఆ కింద కోసేసిన ముక్క ఎట్టు."

"సినిమా హాల్లాగ బాగుంది కదా, ఉండనీ వదినా," అంది పైడిబాబు భార్య శ్రీదేవి.

వరహాలమ్మ లేచి వెళ్లి ప్రొజెక్టర్‌కు అడ్డంగా నిలబడింది. పెళ్లికూతురూ పెళ్లికొడుకూ వచ్చి ఆవిడ చీర మీద పడ్డారు.

"అమ్మ కనబడీదాకా ఇక్కడెవుడికీ ఏటీ కనబడదు."

పైడిబాబు విసుక్కుంటూ వెనక్కి తిప్పి ఇంకో బటన్ నొక్కాడు. ఆవిడ పక్కకు జరిగి చూసింది. ఈసారి బొమ్మంతా వచ్చింది, గోడా నిండింది, కానీ అందరూ అడ్డంగా సాగిపోయారు. అమ్మ బూరెలా ఉంది.

"ఒంటిపూట తిని పెంచింది మనల్ని. ఇప్పుడు దాన్ని లావు చేత్తావేటి? ఆ ఎలుగు కూడా తగ్గించు, మొకం కాలిపోతంది."

చివరికి పాత టీవీల కొలత ఫోర్ బై త్రీలో పెట్టి బ్రైట్‌నెస్ తగ్గించాడు. నల్ల పట్టీలు మళ్లీ వచ్చాయి. కింద మూలన తెల్లకోక కట్టుకుని, బక్కగా, అమ్మ. అటూ ఇటూ చూసింది. కొంగు కింద నుంచి చెయ్యి తీసి, గుప్పెడు అక్షింతలు కొడుకు మీదకు విసిరి, గబుక్కున చెయ్యి దాచేసుకుంది.

పైడిబాబు బొమ్మ ఆపేశాడు. "అమ్మ నాకు అచ్చింతలు ఎయ్యనేదనే ఇన్నాల్లూ అనుకున్నానప్పా," అన్నాడు. వరహాలమ్మకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. కన్నకొడుకు మీద నాలుగు గింజలు వెయ్యడానికి దొంగతనమా?

"ఒరే, సోనీ పెళ్లికి నన్నెక్కడ కూకోబెడతావు?"

పైడిబాబు శ్రీదేవి వైపు చూశాడు.

"నాను కింద కూకోను. వంటల కాడా ఉండను. అరుగు మీద, పీటల పక్కన కుర్చీ ఎయ్యించు. కెమెరావోడికి కూడా సెప్పు."

"బువా మేరే బగల్ మే బైఠేంగీ," అంది సోనీ, మేనత్త నా పక్కనే కూర్చుంటుందని తేల్చేస్తూ.

శ్రీదేవి ఇబ్బందిగా కదిలింది. "మరి పెద్దోల్లు ఏటంతారో వదినా?"

"ఈ ఇంటికి ఇప్పుడు పెద్దదాన్ని నానే," అంది వరహాలమ్మ.