సత్తెన్న చందనం

నిన్న పొద్దున మిర్యాలగూడ నుంచి ఫోన్. సత్తెన్న కూతురు.

"కాకా, నాయన పోయిండు. జల్ది రా."



ఆదివారమే మాట్లాడాడు. "ఒకసారి వచ్చిపోరాదు" అన్నాడు. చూద్దాంలే అన్నాను.

మన గ్రూపులో చిన్నవాళ్లకు సత్తెన్న తెలియదు. అందుకే ఈ పోస్ట్.

ఎనభైలలో సూర్యాపేటలో ఆయనకు చిన్న అత్తరు షాపు ఉండేది. పక్కనే నేను గడియారాలు రిపేర్ చేసేవాణ్ని. మంచిగంధం నూనె, దేవదారు, వట్టివేళ్లు కలిపి తనే ఒక అత్తరు తయారుచేశాడు. పేరు పెట్టలేదు. జనమే సత్తెన్న చందనం అన్నారు.

పెళ్లిళ్లలో గుమ్మం దగ్గర నిలబడి, వచ్చినవాళ్ల చేతి వెనక తనే రాసేవాడు. మగవాళ్లకైనా ఆడవాళ్లకైనా ఒకటే సీసా.

"ఆడోళ్లకు మల్లెనో గులాబో పెట్టాలె గానీ, గిదేంది సత్తెన్నా! కట్టెల అడితిల నిలవడ్డట్టున్నది" అని ఒక పెద్దామె ఎగతాళి చేసింది.

"రేపు పొద్దుగాల చెయ్యి వాసన సూడు పెద్దమ్మా. అప్పుడు తిట్టు."

మర్నాడు ఆమే షాపుకొచ్చింది. రెండు సీసాలు. ఒకటి తనకు, ఒకటి ముసలాయనకు.

కొన్ని సెంట్లు మనిషికంటే ముందే వస్తాయి. ఇది పక్కన కూర్చుంటేనే తెలిసేది. ఎండకు కాగిన తలుపుకు వీపు ఆనించినట్టు వెచ్చగా ఉండేది. మనిషి లేచిపోయాక కూడా కుర్చీలో ఉండేది.

సత్తెన్న కూడా అంతే.

తొంభైలలో ఒక వానాకాలం, నాట్లకు పోతున్న ట్రాక్టర్ వేములపల్లి అవతల కాలువలో పడింది. నలుగురు తండా ఆడపిల్లలు కొట్టుకుపోయారు. మూడో రోజుకు శవాలు దొరికాయి.

ఆ రోజు మేమిద్దరం ఒక పెళ్లికి అత్తరు అందజేసే పనిమీద మిర్యాలగూడలో ఉన్నాం. దవాఖాన ముందు చుట్టుపక్కల ఊళ్ల జనమంతా ఉన్నారు. కన్నతల్లులు గుమ్మం దాకా వెళ్తున్నారు. ఆ వాసనకు కక్కుకుంటూ వెనక్కి వస్తున్నారు.

సత్తెన్న సంచిలోంచి పెళ్లి సీసా తీశాడు.

నేను చెయ్యి పట్టుకున్నాను. "సాంబ్రాణి ఎలిగిద్దాం అన్నా. గిది పెండ్లిండ్లది."

"ఆఖరుసారి బిడ్డను సూసుకుంటరు గదరా. మంచిదే పెడదాం."

కప్పిన బట్టల మీద పోశాడు. మిగిలింది దూదికి అద్ది తల్లుల చేతుల్లో పెట్టాడు. ఒక్కొక్కరే లోపలికి వెళ్లారు. బిడ్డల ముఖాలు నిమిరారు.

నెల తిరగలేదు. నేరేడుచర్లలో పెళ్లి. గుమ్మం దగ్గర పెళ్లికొడుకు మేనత్త చెయ్యి వెనక్కి లాక్కుంది.

"వద్దు! గిది పీనుగుల కాడి వాసన."

ఆమె చెయ్యి కడుక్కోవడానికి పోయింది. వెనక నిలబడ్డవాళ్లందరూ చేతులు దాచుకున్నారు. సత్తెన్న మూత పెట్టేశాడు.

తర్వాత ఒక్క ఆర్డర్ రాలేదు. గులాబి అత్తరు పెట్టి చూశాడు. మనుషులే షాపు ఎక్కలేదు.

షాపు మూసేసి మిర్యాలగూడలో రైస్ మిల్లు పనికి కుదిరాడు. తను మాత్రం రోజూ అదే రాసుకునేవాడు. అన్నాల వేళ ఎవరూ పక్కన కూర్చునేవాళ్లు కాదట.

ఇక చెప్పాల్సిన మాట.

నేనూ అది రాసుకోవడం మానేశాను. ఆయన ఇచ్చిన సీసా ట్రంకుపెట్టె అడుగున పడేశాను. రోజూ పుస్తకంలో ఏదో ఒకటి రాసుకునే నేను ఆ సంగతి మాత్రం ఎక్కడా రాయలేదు.

నేను కోదాడకు మారాక, కలిసినప్పుడల్లా చెయ్యి పట్టుకునేవాడు. ఆ వాసన లేదని తెలిసేది ఆయనకు. ఏమీ అనలేదు. ముప్పై ఏళ్లు.

నిన్న ఆ సీసా జేబులో వేసుకొని వెళ్లాను. అడుగున కొంచెం మిగిలి, చిక్కబడి ఉంది. స్నానం చేయించాక ఆయన చేతి వెనక రాశాను. పెళ్లి గుమ్మం దగ్గర రాసినట్టే.

ఆయన కూతురు తన చెయ్యి చాపింది. "నాక్గూడ పెట్టు కాకా."

పెట్టాను. ఆఖరు చుక్క నేను రాసుకున్నాను. కోదాడ బస్సులో పక్క సీటాయన రెండుసార్లు నావైపు చూశాడు. నేను చెయ్యి దాచుకోలేదు.

ఈ పొద్దున లేవగానే వాసన చూసుకున్నాను.

ఉంది సత్తెన్నా. ఇంకా ఉంది.

ఇగ నిమ్మళంగ పండుకో.