సీడు చేలో నుంచి నాగర్‌కర్నూల్ దాకా

మా పెద్ద బిడ్డ పరుగెత్తేది. ఇప్పుడు పరుగెత్తదు. ఈ రెండు మాటల మధ్య జరిగిందే రాస్తున్నాను. పిల్లలను ఆటల్లో పెట్టాలనుకునే తల్లులు ఈ మధ్య నా దగ్గరికి వచ్చి, మీ అమ్మాయి అప్పట్లో బాగా ఉరికేదట కదా, ఏం పెట్టేవారు, ఎట్లా చూసుకునేవారు అని అడుగుతున్నారు. పెట్టింది జొన్నరొట్టె. చూసుకున్నది ఎట్లాగో చెబితే మళ్లీ అడగరు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. ధరూర్ దగ్గర పల్లె మాది. మా ఇంటాయన చేను కౌలుకు పట్టి సీడు పత్తి, అంటే కంపెనీలకు విత్తనాల కోసం పెంచే పత్తి, వేసేవాడు. తెలియని వాళ్లకు చెప్పాలి. మామూలు పత్తి దానంతట అది పూసి కాస్తుంది. సీడు పత్తికి ఆ పని మనిషి చేతితో చేయాలి. రేపు విచ్చుకునే మొగ్గను ఈ సాయంత్రమే పట్టుకుని, గోటితో పైపొర ఒలిచి, లోపలి పుప్పొడి తీసేసి, గుర్తుకు ఎర్ర కాగితం తొడగాలి. తెల్లవారి మగ పత్తి పూలు తెచ్చి ఆ మొగ్గల మీద రుద్దాలి. ఒక పూట తప్పితే ఆ పూట మొగ్గలన్నీ దండగ. వానలు వెనకబట్టిన దగ్గర నుంచి చలి ముదిరే దాకా మాకు పండుగ లేదు, చుట్టాల ఇల్లు లేదు.

చిన్న చేతులైతే మొగ్గ చితకదని ఆ పనికి ఆడపిల్లలను దించేవారు. ఇంకో మాట కూడా ఉండేది. పెద్దమనిషి కాని పిల్లలైతే మేలు, ముట్టున్న ఆడది చేలో దిగితే పట్టిన కాయ కూడా రాలుతుంది అని. మా అత్త ఆ మాట గట్టిగా నమ్మేది. నేను నమ్మానా లేదా అని ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ రోజుల్లో గట్టు మీద కూర్చోమంటే కూర్చునేదాన్ని. కూర్చుంటే నడుముకు హాయిగా ఉండేది, అది వేరే సంగతి.

బిడ్డ అప్పుడు తొమ్మిదో తరగతి. పొద్దున చేలో పూలు రుద్ది, గంట కొట్టేలోపు కాలువ గట్టు మీద బడికి ఉరికేది. సాయంత్రం బడి నుంచి చేనుకు ఉరికేది. ఆలస్యమైతే బడిలో దెబ్బలు, చేలో తిట్లు. ఆ భయంలో వచ్చిన పరుగు అది, ఎవరూ నేర్పలేదు. బడిలో ఆటలు చెప్పే సారు ఒకరోజు బండి మీద పోతూ చూశాడట. ఆ సాయంత్రమే చేనుకు వచ్చాడు.

"అమ్మా, నీ బిడ్డ నా బండితోని పోటీ పడ్డది, తెల్సా?"

"బండికేమన్న తగిలిందా సారూ?" అన్నాను. ఏదో పాడు చేసిందనుకున్నాను.

"తగలలే. బండే ఎనక పడ్డది."

మా ఇంటాయన మొగ్గ మీద నుంచి తల ఎత్తలేదు. "ఉరికితే ఏమిస్తరు సారూ?"

"గెలిస్తే ఆటల హాస్టల్‌ల ఏస్తరు. తిండి, చదువు, బూట్లు, అన్నీ ఆళ్లే చూస్కుంటరు."

ఆయనకు ఆ మాట పట్టలేదు. నాకు పట్టింది. మా ఊరి ఆడపిల్ల పెద్దమనిషి అయ్యేదాకా సీడు చేలో ఉంటుంది, అయిన తరువాత పెళ్లి మాటల్లో ఉంటుంది, పెళ్లయ్యాక ఇంకొకరి చేలో ఉంటుంది. నేను అట్లాగే వచ్చాను. ఇది హాస్టల్‌కు పోవాలి అనుకున్నాను. అంతకంటే పెద్ద కోరిక నాకు అంతకుముందు లేదు, ఆ తరువాతా లేదు.

నేను చేసిన సాయం ఒకటే. దాని సాళ్లు కొన్ని నా మీద వేసుకున్నాను. అది గట్టు మీద ఉరుకుతుంటే చేలో నుంచి అరిచేదాన్ని: "ఏందే, పెండ్లినడక నడుస్తున్నవ్?" పిల్లను మెచ్చుకోవడం నాకు రాదు. అది కూడా ఊరుకునేది కాదు. "నువ్వు రా, నువ్వురుకు, నేను కూసోని అంట" అనేది.

మండలంలో గెలిచింది. గద్వాలలో గెలిచింది. వనపర్తిలో పడింది. అక్కడ మైదానం చుట్టూ రెండు చుట్లు తిరగాలి. రెండో చుట్టులో పక్క పిల్ల మోచెయ్యి తగిలి బోర్లా పడింది. మోకాళ్లు చెక్కుకుపోయాయి. లేచి, ముందున్న వాళ్లను ఒక్కొక్కరినీ దాటుకుంటూ రెండోదిగా వచ్చింది. వచ్చి నా కొంగు పట్టుకుని ఏడ్చింది.

"పడ్డవ్, లేసినవ్, రెండోదానివైనవ్. ఇగ ఏడుపెందుకు?" అన్నాను.

"మొదటిదాన్ని కావాల్సి ఉండె."

"అయితే నాగర్‌కర్నూల్‌ల కా. ఈడ ఏడిస్తే ఆడ ఇస్తరా?"

సారు పక్కనే ఉండి నవ్వాడు. "అమ్మా, నువ్వొక విజిల్ కొనుక్కో. నేను ఇంటికాడ కూసుంట."

మొదటి ఇద్దరినీ నాగర్‌కర్నూల్‌లో జరిగే జిల్లా పోటీలకు పంపుతారు. హాస్టల్‌కు పిల్లలను ఎంచుకునేది అక్కడే. ఇంకా వారం ఉంది. తిరుగు బస్సులో అది నా భుజం మీద నిద్రపోయింది. ఇది మా ఇంట్లో ఉండే రోజులు ఇంక కొన్నే అనుకున్నాను, అనుకుని సంతోషపడ్డాను.

ఆ వారం నడుమ ఒక పొద్దున చేలో పని చేస్తుంటే బిడ్డ వచ్చి నా వెనక నిలబడింది. మొహం చూడగానే తెలిసింది. పెద్దమనిషి అయ్యింది.

మా దగ్గర పెద్దమనిషి అయిన పిల్లను మూలకు కూర్చోబెడతారు. వేరే చాప, వేరే చెంబు, వేరే గిన్నె. స్నానం అయ్యేదాకా గడప దాటకూడదు, మగవాళ్ల కంట పడకూడదు. నాగర్‌కర్నూల్ అన్న మాటే ఉండదు. మళ్లీ సంవత్సరం చూద్దాం అనుకోవడానికి లేదు, మళ్లీ సంవత్సరానికి సంబంధాలు వస్తాయి.

"ఎవరికన్న చెప్పినవా?" అన్నాను.

"లే."

"చెప్పకు. మీ అవ్వకు అసలే చెప్పకు. పోయొచ్చినంక నేనే చెప్త."

"మరి చేను?"

"చేనుకేమైతది?"

"అవ్వ అంటది గద..."

"అవ్వ మస్తు అంటది. నువ్వు ఎప్పటి తీర్గనే పని చెయ్యి. గట్టు మీద కూసుంటే ఆమెకు తెల్వదా?"

అట్లా దించాను. దించకపోతే అత్తకు తెలుస్తుంది, తెలిస్తే మూల. వేరే దారి లేదు. ఇప్పుడైనా అదే చేస్తాను, ఎవరేమన్నా సరే.

మరునాడు ముసురు పట్టింది. పడింది పడినట్టే ఉంది. రుద్దిన పుప్పొడి రుద్దినట్టే కడుక్కుపోయింది. ఎర్ర కాగితాలు మొగ్గలకు అతుక్కుని కుళ్లాయి. వాన తెరిపిచ్చాక చూస్తే సాళ్ల నిండా రాలిన పిందెలు. మా ఒక్క చేలోనే కాదు, కాలువ కింద సీడు వేసిన వాళ్లందరికీ అంతే. మా అత్త చేనంతా తిరిగి, రాలిన పిందెలు ఒడిలో వేసుకుని వచ్చి, మేము అన్నం తినే చోట గుమ్మరించింది.

"ఒక్క వానకే గింత రాలదు. ఎవతో ముట్టుతోని దిగింది."

"పక్క చేన్లల్ల గూడ రాలింది గదత్తా," అన్నాను.

"ఆడ గూడ దిగి ఉంటది, ఇసుంటిదే ఒకతె. గింత కష్టం మట్టిపాలు చేసింది. దాని చేతులు పడిపోను."

బిడ్డ చెయ్యి పళ్లెంలోనే ఆగింది. నేను కాలితో తన్నాను, తిను అని. తినలేదు.

తెల్లవారి చేలోకి పోయాక నాతో అంది: "అమ్మా, నేను రుద్దిన సాళ్లే ఎక్కువ రాలినయి."

"నువ్వు నీ సాళ్లే చూసినవ్. నా సాళ్లు గూడ చూడు."

చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చూపించాను. నా సాళ్లలోనూ అంతే రాలాయి. అది వంగి చూసింది. చూసి, "నీ పక్కన నేనే ఉంటి గద" అంది.

 వాన వల్ల అంటే, ఒక్క వానకే ఇంత రాలదని అవ్వ అననే అంది. పక్క వాళ్ల చేను అంటే, అక్కడ ఎవతో దిగిందని అవ్వ చెప్పనే చెప్పింది. ఎటు పోయినా అడ్డం పెట్టినట్టు ఉంది ఆ మాట. నేను అరిచాను, బుజ్జగించాను, రెండు దెబ్బలు కూడా వేశాను. ఏదీ పని చేయలేదు.

నాగర్‌కర్నూల్ బస్సులో సారు, ఇంకా నలుగురైదుగురు పిల్లలు ఉన్నారు. పిల్లలంతా పాటలు. ఒకడు దీన్ని కెలికాడు: "ఏయ్, మొన్న పడ్డట్టు పడకు. మట్టి బుక్కుడు గూడ పోటీల పెడితే నీకే కప్పు."

మామూలుగా అయితే వాడి నోరు మూయించేది. కిటికీలో నుంచి బయటికి చూస్తూ కూర్చుంది.

"ఏందమ్మా, మన మెయిలు బండి ఇయ్యాల కూతపెడ్తలేదు?" అన్నాడు సారు.

"కడుపు బాగలేదు సారూ," అన్నాను.

మైదానం ఇంకా తడిగానే ఉంది. సున్నం గీతలు చెదిరి ఉన్నాయి. పేర్లు పిలిచే ముందు బిడ్డ నన్ను పక్కకు పిలిచింది.

"అమ్మా, గెలిస్తే ఏమన్న అయితదా?"

"హాస్టల్‌కు పోతవ్."

"అది కాదు. ఇంటికాడ. నాయినకు గిట్ల ఏమన్న అయితదా?"

"మీ నాయినకేమైతదే?"

"చేను పాయె గద. నేను చేసింది దాసిపెట్టి, మల్ల నేనే గెలిస్తే..."

అంతలోనే పిలిచారు. "ఉరుకుడొక్కటే నీ పని. ఉరుకు పో," అని వీపు మీద చరిచి పంపాను.

మొదటి చుట్టు దానిదే. సారు పక్కన నిలబడి నా కంటే ఎక్కువ అరుస్తున్నాడు. రెండో చుట్టులో మూల తిరిగే దగ్గర అది ఎప్పుడూ అడుగు సాచుతుంది. కాలువ గట్టు మీద ఎన్నోసార్లు చూశాను. ఆ రోజు అక్కడ అడుగు తగ్గించింది. ఊపిరి అందక కాదు. దాని ఊపిరి నాకు తెలుసు. తలకాయ వంచి తన కాళ్ల కింది నేలను చూస్తూ ఉరికింది, ఏదైనా తొక్కుతానేమో అన్నట్టు. ఒక పిల్ల దాటింది. ఇంకొక పిల్ల దాటింది. దాటే వాళ్లకు పక్కకు జరిగి దారి ఇచ్చింది. నలుగురి వెనక వచ్చింది.

"కాలు పట్టిందా?" సారు దగ్గరికి ఉరికాడు.

"ఆఁ సారూ," అని పిక్క చూపించింది. ఆయన పాపం నేల మీద కూర్చుని ఆ పిక్కను రుద్దుతూ ఉండిపోయాడు. ఆ పిక్కకు ఏమీ కాలేదు.

ఇంటికి వచ్చాం. నేను బయట కాళ్లు కడుక్కుంటుంటే అది లోపలికి పోయింది. అత్త వేరుశనక్కాయలు ఒలుస్తోంది. నేను చెబుతానన్న మాట అదే చెప్పేసింది.

"అవ్వా, నేను పెద్దమనిషినైన. వానకంటె ముందుగాలనే. అయినంక గూడ చేన్ల దిగిన. కాయ నాతోనే రాలింది."

అత్త దాన్ని చూడలేదు, గడపలో ఉన్న నన్ను చూసింది. ఇల్లు పీకి పందిరేస్తుందనుకున్నాను. కాని దగ్గరికి తీసుకోబోయి చెయ్యి వెనక్కు లాక్కుంది, అంటు కదా. "చాప ఏస్కో బిడ్డా, ఆ మూలకు కూసో" అంది. అది చాప తానే తెచ్చుకుంది, తానే పరుచుకుంది. కూర్చున్నాక దాని మొహం చూశాను. నెత్తి మీది మోపు దించినప్పుడు ఉండే మొహం అది. ఓడిన పిల్లను ఎట్లా ఓదార్చాలో బస్సులో అంతా ఆలోచించుకుంటూ వచ్చాను. అది ఓడినందుకు బాధపడటం లేదు. నాకు ఏమీ మిగలలేదు.

మా ఇంటాయన తిట్టలేదు, కొట్టలేదు. "నాకన్న చెప్పకపోతివి" అన్నాడు, అంతే.

కొన్నాళ్లకు సారు వచ్చాడు. మగవాడు కాబట్టి గడప బయటే నిలబడ్డాడు. అత్త పీట వేసింది. "బువ్వ తిని పో సారూ. పిల్ల ఉరుకుడు ఇగ అయిపాయె."

"ఏం అయిపోలే అవ్వా. మల్ల సంవత్సరం ఉన్నది." ఆయన గోడ అవతలికి వినబడేట్టు గొంతు పెంచాడు. "ఏమే, ఉరుకుతవా లేదా?"

లోపలి నుంచి మెల్లగా వచ్చింది: "ఉరుక సారూ."

"కాలు నయమైతది. జర ఓపిక పట్టు."

"కాలు మంచిగనే ఉన్నది సారూ. నేనే ఉరుక."

సారు నా వైపు చూశాడు.  ఆయన బువ్వ తినకుండానే బండి ఎక్కాడు. తరువాత ఇంకో రెండుసార్లు వచ్చాడు. ఆ పైన బదిలీ అయి పోయాడు.

అప్పటికి నాకు అక్షరం రాదు. బిడ్డను వీపనగండ్ల వైపు ఇచ్చి పంపాక, ఇంట్లో పొద్దు పోక, ఊళ్లో పెద్దవాళ్లకు చదువు చెప్పే చోటికి పోయి నేర్చుకున్నాను. కూడబలుక్కుంటూ చదివే రోజుల్లో రైతుల పత్రికలో సీడు పత్తి గురించి పడింది. వాన తడిస్తే పుప్పొడి పనికి రాదు, ముసురుకు పిందె రాలుతుంది అని. బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు ఎదురుగా కూర్చోబెట్టి చదివి వినిపించాను. తప్పులు లేకుండా చదవాలని ముందే నాలుగైదు సార్లు చదువుకున్నాను. అది ఒడిలో పిల్లకు పాలిస్తూ విన్నది. "అయి ఉంటది లేమ్మా" అంది. అత్తగారింట్లో వాళ్లకూ సీడు చేనే. ముట్టు రోజుల్లో ఎవరూ చెప్పకముందే చేను వదిలి గట్టు మీదికి పోతుందట. వాళ్ల అత్త ఈ మాట నాతో పొగడ్తగా చెప్పింది.

మొన్న నేను, బిడ్డ ఇద్దరం పెబ్బేరు బస్టాండులో ఉన్నాం. వీపనగండ్ల బస్సు కదిలింది. ఈ మోకాళ్లతో నేను ఉరికాను. వెనక్కు తిరిగి చూస్తే అది సంచి చంకన పెట్టుకుని నడుస్తూ వస్తోంది. కండక్టరు తలుపులో నిలబడి కేక వేశాడు: "ముసలామె ఉరుకుతుంది, నీకేమైందమ్మా?"

బస్సు పోయింది. అది నా దగ్గరికి వచ్చి, "ఇంకోటి వస్తది లేమ్మా, ఎందుకు పరేషాన్" అని సిమెంటు బల్ల మీద కూర్చుంది. నాకు పక్కన చోటిచ్చింది.