కోచ్ టాలివర్ కడిగిన పళ్ళెం

ఎల్మోర్ టాలివర్ ఎవరింటికి భోజనానికి వెళ్ళినా తిన్న పళ్ళెం తనే కడిగేవాడు. మర్యాద కోసం కాదు. సింకు దగ్గర చేతులకి సబ్బు నురగతో నిలబడి, వెనక్కి తిరక్కుండా చెవులు రిక్కించేవాడు. ఆ ఇంటి కుర్రాడు కుర్చీలోంచి లేస్తున్నాడా, లేక "అమ్మా, ఇంకో గ్లాసు టీ" అని కేకేస్తున్నాడా? అలబామాలో మా నల్లరేగడి జిల్లాల్లో, ఫుట్‌బాల్ ఆడే పిల్లాడున్న ఇంట ఆయన నిలబడని సింకు లేదంటే అతిశయోక్తి కాదు.

ఆయన ఉద్యోగమే అది. యూనివర్సిటీ జట్టుకి హైస్కూలు పిల్లల్ని ఏరి తేవాలి. బంతి చేత్తో పట్టుకుని ఎవడెంత వేగంగా పరిగెత్తుతాడో, ఎదుటివాణ్ణి ఎంత బలంగా గుద్ది పడేస్తాడో వీడియోల్లో అందరూ చూస్తారు. వాడు ఎలాంటి మనిషో చూసి రావడానికి మాత్రం టాలివర్‌ని పంపేవారు. జట్టులో చోటు దొరికిందంటే చదువు, తిండి, గది అన్నీ యూనివర్సిటీవే. కోళ్ళ ఫ్యాక్టరీ, సైన్యం, జైలు. ఈ మూడూ కాక మా మగపిల్లలకి ఇంకో దారి ఉందంటే అదే.

టాలివర్ కూడా ఆ దారినే వచ్చాడు. రంపపు మిల్లు కూలీ కొడుకు. అదే యూనివర్సిటీకి ఆడుతూ మోకాలు నుజ్జు చేసుకున్నాడు. ఇంటికి పంపేయకుండా తువ్వాళ్ళు మోసే పని ఇచ్చారు, పోనుపోను కోచ్‌ని చేశారు. వాళ్ళది దయ అని ఆయన నమ్మేవాడు. నేను నమ్మను. తెల్ల కోచ్ వస్తే వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడే మా నల్లజాతి తల్లులు, తమవాడే అయిన టాలివర్ కుంటుతూ మెట్లెక్కడం చూస్తే వంటింట్లోకి పిలుస్తారు. యూనివర్సిటీకి కావలసింది ఆ వంటింట్లో కుర్చీ. ఆయనకీ ఆ సంగతి తెలియక కాదు. "నేను వెళ్ళకపోతే అబద్ధాలు చెప్పేవాడు వెళ్తాడు" అనేవాడు.

వెర్డెల్ మిమ్స్ ఇంటికి ఆయన వెళ్ళింది క్రిస్మస్‌కి ముందు. ఆమె కొడుకు కీయాన్ మా బడి జట్టులో ఆడేవాడు. నేను అక్కడే చరిత్ర చెప్పేదాన్ని కాబట్టి నన్నూ రమ్మంది. వెర్డెల్‌ది కోళ్ళ ఫ్యాక్టరీలో ఎముకలు తీసే పని. ఆ పనితో ఆమె వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు, పూర్తిగా తెరుచుకోవు.

"చికెన్ లేదని ఏమనుకోకు కోచ్," అంది చేపలు వేయిస్తూ. "పొద్దస్తమానం వాటి మొహాలే చూస్తాను. ఇంట్లో కూడా వస్తే నేనే ఎగిరి పారిపోతాను."

"మొహాలు నీ దాకా వస్తాయా చెల్లెమ్మా? తలకాయలు ముందే కోసేస్తారనుకున్నానే."

"కోసేస్తారు. అయినా నాకు కనిపిస్తాయి."

చేపలు, ఆకుకూర, మొక్కజొన్న రొట్టె అయ్యాక టాలివర్ పళ్ళెం పట్టుకుని లేచాడు. సింకు దాకా వెళ్ళేలోపే కీయాన్ అడ్డొచ్చాడు.

"ఇలా ఇవ్వండి సార్. మీరు కూర్చోండి."

"నేను కడుక్కుంటాలేరా."

"మా అమ్మ ఒప్పుకోదు సార్. తరవాత నన్ను తిడుతుంది."

టాలివర్ తువ్వాలు తీసుకుని పక్కన నిలబడ్డాడు. వాడు కడుగుతుంటే ఈయన తుడుస్తూ అడగాల్సింది అడిగాడు.

"పెద్ద ఆట మధ్యలో మైదానం వదిలి వెళ్ళిపోయావట. మీ బడి కోచ్ ప్రతివాడికీ అదే చెప్తున్నాడు. ఎందుకెళ్ళావు?"

మా దగ్గర ఆ మాట ఎంత బరువైందో చెప్పాలి. తాగి దొరికినా, పరీక్షలో కాపీ కొట్టినా, మా కోచ్‌లు కుర్రతనం అంటారు. జట్టుని మైదానంలో వదిలేసి పోయినవాడికి మాత్రం మాఫీ లేదు. ఆ మచ్చ ఇంటిపేరులా వాడి వెంటే ఉంటుంది.

కీయాన్ కుళాయి కట్టేశాడు. "మా జట్టులో జవోరిస్ స్పాన్ ఉన్నాడు కదా సార్. వాడు డెనీషా దవడ విరగ్గొట్టాడు. ఆ వారమే. డెనీషా మా జట్టుకి నీళ్ళ సీసాలు అందించే పిల్ల. వాడితో తిరగడం మానేస్తానందని కొట్టాడు. అందరికీ తెలుసు. సగం ఆట అయ్యాక బట్టలు మార్చుకునే గదిలో అందరం చేతులు పట్టుకుని ప్రార్థన చేస్తాం. నా పక్కన వాడు నిలబడి చెయ్యి చాపాడు."

"పట్టుకోలేదా?"

"పట్టుకోలేకపోయాను సార్. బట్టలు మార్చుకుని ఇంటికొచ్చేశాను."

"వాణ్ణి కొట్టావా?"

"లేదు సార్."

టాలివర్ చాలాసేపు ఒకే పళ్ళేన్ని తుడిచాడు. తరవాత వెర్డెల్ ఎదురుగా కూర్చున్నాడు. "నీ కొడుకుని తీసుకుంటున్నాం."

ఆమె సంతోషించలేదు, ముందు అడగాల్సింది అడిగింది. "నీ మాట అక్కడ చెల్లుతుందా కోచ్? దక్షిణాన ఒక చిన్న కాలేజీ వాళ్ళు కూడా రమ్మంటున్నారు. పండగలోపు చెప్పాలట. నువ్వు సరేనంటే వాళ్ళకి వద్దని చెప్పేస్తాను. తరవాత అటూ ఇటూ కాకుండా పోతే వీడు నా పక్కన నిలబడి కోళ్ళు కొయ్యాలి."

"నా మాట ఇప్పటిదాకా చెల్లింది," అన్నాడు టాలివర్. "వద్దని చెప్పేయ్."

ఆమె చెప్పేసింది. మా దగ్గర కోచ్ నోటిమాటకి చట్టంలో విలువ లేదు. ఫిబ్రవరిలో సంతకాల రోజున యూనివర్సిటీ నుంచి కాగితం వస్తేనే చోటు దక్కినట్టు. ఈ సంగతి ప్రతి తల్లికీ తెలుసు. అయినా నోటిమాట మీదే బతుకులు పెడతారు, పెట్టమని కోచ్‌లే అడుగుతారు. మాట తప్పితే శిక్ష పడేది ఒక వైపుకే.

సంతకాలకి ముందురోజు యూనివర్సిటీలో జరిగింది నాకు టాలివర్ చెప్పిందే. హెడ్ కోచ్ బ్రెంట్ హాస్కల్ గదిలో గోడంతా ఇనప పలక, దాని మీద అయస్కాంతపు ముక్కల మీద కుర్రాళ్ళ పేర్లు. పైన పెద్ద అక్షరాలతో "ముందు మనిషి, తరవాత ఆటగాడు" అని రాసి ఉంటుంది. మిగిలింది ఒక్క చోటు. దాంట్లో మిమ్స్ పేరుంది.

హాస్కల్ ఆ ముక్కని ఊడదీశాడు. "స్పాన్ ఖాళీగా ఉన్నాడు. వాణ్ణి తీసుకుంటామన్న ఉత్తరాది యూనివర్సిటీ వాళ్ళు వెనక్కి తగ్గారట. మన అదృష్టం."

"వాళ్ళెందుకు తగ్గారో తెలుసుగా కోచ్?" అన్నాడు టాలివర్. "ఆ పిల్ల దవడ..."

"కేసు కొట్టేశారు ఎల్మోర్."

"కొట్టేసిన షెరిఫ్ కొడుకు అదే జట్టులో ఆడుతున్నాడు."

"చూడు, స్పాన్ లాంటి పిల్లల్ని మనం వదిలేస్తే ఎవరు బాగుచేస్తారు? రెండో అవకాశం ఇవ్వడం మన ధర్మం కాదా?"

"మంచిదే. మరి మిమ్స్‌కి?"

"మిమ్స్ జట్టుని వదిలేసి పోయాడు. అది మనిషి గుణం. దాన్ని మనం మార్చలేం."

"ఎందుకు పోయాడో రాసిచ్చాను. చదివారా?"

గదిలో మిగతా కోచ్‌లు కాఫీ కప్పుల్లోకి చూస్తున్నారు. ఒకడు మాత్రం నిజం చెప్పాడు, నవ్వుతూ. "టాలివర్, నీ మిమ్స్ ఇంకొంచెం వేగంగా పరిగెత్తి ఉంటే మేమూ చదివేవాళ్ళం."

ఆ ఒక్క ముక్కలో ఉంది ఈ వ్యాపారమంతా. గుణం గురించి వీళ్ళు అడిగేది ఆట మామూలుగా ఉన్నవాడి విషయంలోనే. వద్దనుకున్నవాణ్ణి వద్దనడానికి గౌరవంగా ఉండే కారణం అది. ఆట బాగా వచ్చినవాడు తప్పు చేస్తే అది వాడి మనసుకి తగిలిన గాయం అవుతుంది, జాలికథ అవుతుంది, వాడు చేరదీయాల్సిన బిడ్డ అవుతాడు. దవడ విరిగిన పిల్ల పేరు ఆ గదిలో ఎవరూ అడగలేదని టాలివర్ చెప్పాడు. చివరికి తనే అన్నాడట, "ఆ పిల్ల పేరు డెనీషా" అని. "సరే," అన్నాడట హాస్కల్. "ఇవాళే మిమ్స్ వాళ్ళకి ఫోన్ చేసి చెప్పు. రేపు బడికి వెళ్ళి స్పాన్ సంతకం తీసుకురా."

టాలివర్ ఫోన్ చెయ్యలేదు. ఇలాంటి మాట మొహం చూసి చెప్పాలనుకున్నాడు. తెల్లారేలోపు హాస్కల్ మనసు మారకపోతుందా అని కూడా అనుకున్నాడు.

మా బడి వ్యాయామశాలలో పొడుగు బల్ల వేసి, మీద గుడ్డ పరిచారు. బ్యాండు వాయిస్తోంది. కుర్రాళ్ళ ముందు వాళ్ళు చేరబోయే కాలేజీ టోపీలు. జవోరిస్ ముందూ, కీయాన్ ముందూ ఒకే యూనివర్సిటీ టోపీలున్నాయి. రెండు కుర్చీల మధ్య ఇంకో ఇద్దర్ని కూర్చోబెట్టించింది నేనే. వెర్డెల్ చర్చికి పెట్టుకునే టోపీ పెట్టుకుని, యూనివర్సిటీ రంగులు వేయించిన కేకు బల్ల చివర సర్దుతోంది. డెనీషా ముందు వరసలో ఉంది. జవోరిస్ ఉన్నచోటికి ఎందుకొచ్చావమ్మా అని అడిగితే, "కీయాన్ సంతకం చూడాలి మేడమ్" అంది. దవడ సరిగా కలవక మాటలు కొంచెం పక్కకి పోతాయి.

దారిలో దుంగల లారీ బోల్తా పడిందట. టాలివర్ వచ్చేసరికి అందరూ కూర్చుని ఉన్నారు. ఆయన్ని చూసి వెర్డెల్ చెయ్యి ఊపింది.

"ఆలస్యం చేశావు కోచ్! పెళ్ళికొడుకువి నువ్వే అన్నట్టు!"

"చెల్లెమ్మా, ఒక్కసారి ఇలా రా."

శీతల పానీయాల మిషను పక్కకి తీసుకెళ్ళాడు. నేను వాళ్ళ వెనకే ఉన్నాను.

"కాగితం రాదు," అన్నాడు.

"ఇవాళ రాదా?"

"ఎప్పటికీ రాదు. నిన్న తీసేశారు. నేను... ఫోన్ చెయ్యలేదు."

వెర్డెల్ కాసేపు కేకు వైపు చూసింది. "ఎవరికిచ్చారు?"

ఆయన చూపు టోపీల మీదికి పోయింది. ఆమె బల్ల వైపు తిరిగింది. జవోరిస్ టోపీ పెట్టుకుని ఫొటోలకి నవ్వుతున్నాడు. ఆమెకి అర్థమైంది.

"నిన్న చెప్పుంటే," అంది చాలా నెమ్మదిగా, "వాణ్ణి అక్కడ కూర్చోనిచ్చేదాన్ని కాదు కదా కోచ్. కేకు తెచ్చేదాన్ని కాదు. ఇంతమంది ముందు కాకుండా మా వంటింట్లో ఏడ్చేవాడు."

ఆమే వెళ్ళి కొడుకు చెవిలో చెప్పింది. కీయాన్ ఏడవలేదు. టోపీని బోర్లా పెట్టి, కుర్చీ చప్పుడు కాకుండా జరిపి, లేచివచ్చి డెనీషా పక్కన కూర్చున్నాడు. హాల్లో గుసగుసలు. "మళ్ళీ వదిలేసి పోతున్నాడు చూడు" అని ఎవరో నవ్వారు.

సంతకం పెట్టిన ప్రతి కుర్రాడి గురించీ యూనివర్సిటీ మనిషి నాలుగు మాటలు చెప్పడం మా ఆనవాయితీ. ఎప్పుడూ ఒకే మాట: గొప్ప ఆటగాడు, అంతకంటే గొప్ప మనిషి. ఎందరి గురించో టాలివరే చెప్పాడు, చాలావరకు నిజంగానే. ఆ రోజు స్పాన్ సంతకం అయ్యాక మైకు ఇస్తే పట్టుకుని నిలబడ్డాడు. స్పాన్ తల్లి ఫోన్ ఎత్తి వీడియో తీస్తోంది.

"వేగంగా పరిగెత్తుతాడు," అన్నాడు. అందరూ ఎదురు చూశారు. "నేను చెప్పగలిగింది అంతే. మనిషిగా వీడి గురించి నేను పూచీ పడను. ఆ సంగతి మా వాళ్ళకి రాసి కూడా ఇచ్చాను."

మైకు బల్ల మీద పెట్టేసి కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. బ్యాండు వాళ్ళకి ఏం చెయ్యాలో తోచక మళ్ళీ మొదటి పాటే అందుకున్నారు. పార్కింగులోనే హాస్కల్ ఫోన్ వచ్చింది. ఆ నెలాఖరుకి టాలివర్‌కి ఉద్యోగం లేదు.

స్పాన్ రెండేళ్ళు అద్భుతంగా ఆడాడు. హాస్కల్ జీతం పెరిగింది. తరవాత హాస్టల్ మెట్ల మీద వాడి చేతిలో ఒక అమ్మాయి తల పగిలింది. ఆమె బతికింది, చదువు మాత్రం మానేసి వెళ్ళిపోయింది. "ఆ కుర్రాడి స్వభావం గురించి మాకు ముందుగా ఎటువంటి సూచనా లేదు," అన్నాడు హాస్కల్ కెమెరాల ముందు. టాలివర్ పేపరు వాళ్ళకి ఫోన్ చేసి, సూచన రాసిచ్చింది తనేనని చెప్పాడు. ఉద్యోగం పోయిన కసి అని యూనివర్సిటీ ఒక ప్రకటన ఇచ్చింది. పేపరు వాళ్ళు అంతటితో సరిపెట్టుకున్నారు.

కీయాన్ కోళ్ళ ఫ్యాక్టరీలో తల్లి పక్క వరసలో చేరాడు. ఇప్పుడు అక్కడ యూనియన్ కోసం సంతకాలు సేకరిస్తున్నాడు. ఆ పనిలో అతన్ని నేను చాలాసార్లు కలుస్తాను. ఫుట్‌బాల్ గురించి మాట్లాడడు.

టాలివర్ జిల్లా బడి బస్సు నడిపేవాడు. రోజూ వెర్డెల్ ఇంటి ముందు నుంచే దారి. చాలాకాలం ఆగలేదు. ఒక సాయంత్రం పిల్లలందర్నీ దింపేశాక ధైర్యం చేసి బస్సు ఆపాడు. నేనూ ఉన్నాను. వెర్డెల్ తలుపు తీసింది, లోపలికి రమ్మంది, వడ్డించింది. కీయాన్ డ్యూటీలో ఉన్నాడు. "ఉప్పు సరిపోయిందా కోచ్?" అన్నదొక్కటే ఆమె మాట. ఆయన తలూపాడు.

తిన్నాక అలవాటుగా పళ్ళెం పట్టుకుని లేచాడు. సింకు దగ్గరికి వెళ్ళి కుళాయి తిప్పాడు.

"అక్కడ పెట్టెయ్ కోచ్," అంది వెర్డెల్ కూర్చున్నచోటునుంచే. "మా ఇంట్లో చూసి వెళ్ళడానికి ఇంకేం లేదు."

ఆయన కుళాయి కట్టేశాడు. పళ్ళెం అలాగే సింకులో పెట్టి, టోపీ తీసుకుని, మెట్లు ఒక్కొక్కటే దిగి బస్సు ఎక్కాడు.