మాట్లాడవలసి వచ్చిన క్రిస్మస్ తాత

మామిడికుదురు తాతాజీ చెప్పేది వినాలంటే ఓపిక ఉండాలి. ఊళ్లో అన్నీ ఉన్నాయి గానీ పాపం ఆ ఒక్కటే లేదు. అతనికి నత్తి. మాట మొదటి అక్షరం దగ్గరే పట్టేస్తుంది, అందులోనూ మ, త అయితే మరీను. ఖర్మ కాకపోతే ఉండే ఊరు మ తోనూ, పెట్టిన పేరు త తోనూ మొదలవ్వాలా? రాజోలులో బస్సెక్కితే కండక్టరుకు ఊరి పేరు చెప్పలేక, నోరు తిరిగే నగరం అనే పక్క ఊరికి టికెట్టు తీసుకుని, అక్కడ దిగి మిగతా దారంతా నడిచి వచ్చేవాడు. ఇదేం పనని ఎవరైనా అడిగితే, నడక ఒంటికి మంచిదని భార్య సత్యవేణి సర్దిచెప్పేది. కొట్లో బేరాలు, చుట్టాల పలకరింపులు, పక్కవాళ్లతో పోట్లాటలు, మాటతో పనిపడే వ్యవహారమంతా ఆవిడదే. పోట్లాటలు మాత్రం మొగుడు మాటకారి అయినా ఆవిడే చూసుకునేదని ఊరివాళ్ల అనుమానం.

చిన్నప్పుడు మూడో తరగతిలో మేష్టారు పేరడిగి, చెప్పేదాకా నిలబెట్టారు. అతను త... త... అంటుంటే తరగతంతా వంత పాడింది. తాతాజీ పలకా బలపం అక్కడే వదిలేసి ఇంటికొచ్చేశాడు, మళ్లీ ఆ గడప తొక్కలేదు. పెద్దయ్యాక కొబ్బరికొట్టులో కుదిరాడు. నేలలో పాతిన గునపం మీద కాయను గుచ్చి, మెలితిప్పి, పైనున్న పీచు డొక్క ఊడదీయడం పని. గునపానికి మాటలక్కర్లేదు, కాయకూ అక్కర్లేదు. తోటి పనివాళ్లు చాలా మంచివాళ్లు, వచ్చిన చిక్కల్లా అదే. తాతాజీ "మం..." అనగానే "మంచినీళ్లా?" అని చెంబు అందించేవారు. అతను అడగబోయింది మంగళవారం సెలవు. దాహం లేకపోయినా నీళ్లు తాగి, సెలవు సంగతి మింగేసేవాడు. అలా ఎన్ని మింగాడో ఎవరికి తెలుసు.

తొంభై ఒకటో సంవత్సరం డిసెంబరులో చర్చి కుర్రాళ్లు కొబ్బరికొట్టుకు వచ్చారు. ఇంటింటికీ తిరిగి పాటలు పాడే కేరల్స్‌లో క్రిస్మస్ తాత వేషం కట్టేవాడికి కామెర్లు వచ్చాయట. ఒంట్లో సత్తువ ఉండి గెంతగలిగేవాడు కావాలి. అందరూ తాతాజీ వైపు చూశారు. అతను అప్పనపల్లి గుడిలో స్వామికి మొక్కుకునే మనిషి. అయినా అడిగినవాళ్లూ ఆలోచించలేదు, అతనూ ఆలోచించలేదు. ఎర్ర శాటిన్ గౌను, దూది గడ్డం, బుగ్గలు పొంగిన ప్లాస్టిక్ మాస్కు తగిలించి ట్రాక్టరు ఎక్కించారు.

మన వైపు క్రిస్మస్ తాత మాట్లాడడు. డప్పు మోగితే దూకుతాడు, గిరగిరా తిరుగుతాడు, సంచిలోంచి చాక్లెట్లు విసురుతాడు. అంతే. తాతాజీ మొదటి ఇంటి ముందు దూకిన దూకుడికి డప్పువాళ్లే ఒక అడుగు వెనక్కి వేశారు. ఇంతకాలం నోట్లో ఇరుక్కున్నదంతా కాళ్లలోకి దిగినట్టు ఆడాడు. పిల్లలు కేరింతలు కొట్టారు, పెద్దలు గుమ్మాల్లో నిలబడి చప్పట్లు కొట్టారు. ఎవరూ పేరడగలేదు. ఎవరూ మాట అందించలేదు. ఆ మాస్కు కింద తాతాజీ సుఖంగా ఉన్నాడు. ఆ మాట అతను సత్యవేణికి కూడా చెప్పుకోలేదు గానీ, డిసెంబరు వస్తుంటే ముఖం కళకళలాడడం ఆవిడ చూసేది. ఆ తర్వాత ఏటా వేషం అతనిదే. లోపల ఉన్నది తాతాజీ అని పెద్దవాళ్లందరికీ తెలుసు, పిల్లల్లో ఒక్కరికీ తెలియదు. ఆ రహస్యం ఊరు ఊరంతా కాపాడింది.

ఇలా ఉండగా రెండువేల ఆరులో రాజోలులో రాజబాబు బుర్రకు ఒక ఆలోచన వచ్చింది. ఇతనికి బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్ ఉంది. కువైట్‌లో, దుబాయ్‌లో ఉన్న మొగుళ్లను తెర మీద చూసుకోవడానికి ఆడవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేవారు. వాళ్లలో ఒకావిడ ఒకరోజు బాధ చెప్పుకుంది.

"మావోడికి క్రిస్మస్ తాతంటే ప్రాణమండి. తీరా ఆయన డప్పులతో గుమ్మంలోకి దూకేసరికి మంచం కిందికి దూరిపోతాడండి. నెలంతా ఎదురుచూసి, వచ్చేక చూడడండి."

"కంప్యూటర్లో అయితే మీదకి దూకడు కదండీ," అన్నాడు రాజబాబు. అన్నాక తన మాట తనకే నచ్చింది. క్రిస్మస్ తాతతో ముఖాముఖి అని, పిల్లల్ని పేరుపెట్టి పలకరిస్తాడని తలుపు మీద కాగితం అంటించాడు. సాయంత్రానికి మామిడికుదురులో తాతాజీ ఇంటి ముందు మోటారుసైకిలు ఆపాడు.

తాతాజీ గొంతు చూపించి చెయ్యి అడ్డంగా ఊపాడు.

"నువ్వు ఊరికే తల ఊపు బాబాయ్. మాట నాది," అన్నాడు రాజబాబు.

నిజంగానే అతనిది మంచి గొంతు. తీర్థాల్లో తప్పిపోయిన పిల్లల గురించి మైకులో చెప్పేది అతనే. మాస్కు పెదవులు ఎలాగూ కదలవు కాబట్టి మాట ఎవరిదో తెలిసే వీలు లేదు. వెనక గదిలో కిటికీకి దూది అతికించి, కాగితం నక్షత్రం వేలాడదీసి, వాటి ముందు ఇంకో కంప్యూటరు పెట్టి తాతాజీని కూర్చోబెట్టాడు. కెమెరాకు అందకుండా పక్కన తను తలకు మైకు తగిలించుకుని కూర్చున్నాడు. ముందు గదిలో తెర ముందు పిల్లాడూ తల్లీ. వెనక బెంచీ మీద వంతు కోసం కాచుకున్నవాళ్లకు కూడా వినబడాలని పెద్ద స్పీకర్లు పెట్టాడు. నెట్ నత్తనడక కావడంతో తాతాజీ ఎత్తిన చెయ్యి తెర మీద ఎత్తినట్టే ఉండిపోయేది. చలిదేశం కదా, బిగుసుకుపోయాడని పిల్లలు సరిపెట్టుకునేవారు.

తల్లులు ముందే వచ్చి రాజబాబు చెవిన వేసేవారు. ఒకరు పాలు తాగరు, ఒకరు చెల్లెల్ని కొరుకుతారు, ఒకమ్మాయి కాకరకాయ ముక్కలు కంచం కింద దాస్తుంది. ఇవన్నీ తాతకెలా తెలిశాయా అని పిల్లలు నోళ్లు వెళ్లబెట్టేవారు. తాతాజీకి కూడా సరదాగానే ఉంది. మాస్కు వెనక నవ్వుకుంటూ తల ఊపేవాడు.

క్రిస్మస్ ఇంకా కొద్ది రోజులుందనగా మాధవీలత అనే టీచరమ్మ నేరుగా వెనక గదిలోకే వచ్చింది. మాస్కు మనిషి వైపు చూడకుండా రాజబాబుతో చెప్పింది.

"మా సాత్విక్‌కి మాట తడబడుతుందండి. డాక్టర్లందరికీ చూపించేం. ఇప్పుడు స్కూల్లో అసలు నోరే విప్పట్లేదండి. తడబడకుండా పేరు చెబితేనే సైకిలు తెస్తానని తాత చేత చెప్పించండి. ఆయన మాటైతే వింటాడండి."

చెడ్డ మనిషి కాదు. చెబుతుంటే ఆవిడ గొంతే వణికింది. రాజబాబు అలాగేనండి అన్నాడు. అతనికి కాకరకాయ ముక్కలూ ఇదీ ఒకలాంటివే. తాతాజీకి మాత్రం మాస్కులో చెమట పట్టింది.

తెర మీదికి ఎనిమిదేళ్ల కుర్రాడు వచ్చాడు. బొమ్మ ఆ పూట స్పష్టంగా ఉంది.

"హో హో హో! నీ పేరేంటి నాన్నా?" అన్నాడు రాజబాబు.

"సా..." అన్నాడు పిల్లాడు. అక్కడే ఆగిపోయాడు.

"తడబడకూడదు మరి. గడగడా చెప్పేస్తే ఎర్ర సైకిలు. చెప్పు, చెప్పు."

పిల్లాడు నోరు మూసుకున్నాడు. ఏడవలేదు, ప్రయత్నించనూ లేదు. తల దించుకుని కూర్చున్నాడు. ఆ కూర్చోవడం తాతాజీకి తెలుసు. బడి మానేసి ఇంటికొచ్చిన రోజు తను అలాగే కూర్చున్నాడు. ఇప్పుడు వాడు లేచి వెళ్లిపోతే ఇంక నోరు విప్పడు, తనలాగే ముసలివాడవుతాడు. మాస్కు పోతుందని తాతాజీకి తెలుసు. బెంచీ మీద అందరూ వింటున్నారని తెలుసు. తెలిసే, చెయ్యి చాచి రాజబాబు తల మీంచి మైకు లాక్కున్నాడు.

"బా... బాబూ, న... నన్ను అడుగు. నా పే... పేరు."

పిల్లాడు తలెత్తాడు. స్పీకర్లోంచి వచ్చిన గొంతు వేరే గొంతు. దానికంటే ముందు, అది ఆగిన తీరు వాడికి బాగా తెలిసిన తీరు.

"మీ... మీ పే... పేరేంటండి?"

ఏ పేరైనా చెప్పి ఉండొచ్చు. నోటికి తేలిగ్గా వచ్చే పేర్లు లోకంలో బోలెడు. కానీ తేలిగ్గా వచ్చే పేరు చెబితే ఆ పిల్లాడికి ఏం ఒరుగుతుంది?

"త..." అన్నాడు. పట్టేసింది. బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వడం తలుపు దాటి వినిపించింది. తాతాజీ వదల్లేదు. "త... త... తాతాజీ. మాది మ... మ... మామిడికుదురు. కొ... కొబ్బరికాయలు ఒలుస్తాను."

"మీకు కూడా నా... నాలాగేనా అండి?"

"ఆయ్."

"ఎ... ఎప్పుడు తగ్గుతుందండి?"

"నాకు త... తగ్గలేదు నాన్నా. నేను మా... మాట్లాడ్డం మానేశాను. తప్పు చేశాను. నువ్వు మా... మానకు."

"మరి సై... సైకిలు?"

"దానికీ దీనికీ సం... సంబంధం లేదు. నా దగ్గర సై... సైకిలు లేదు. మీ అమ్మగారిని అ... అడుగు."

పిల్లాడు తెరకు దగ్గరగా జరిగాడు. తర్వాత "సా..." అని మొదలుపెట్టాడు. తాతాజీ కదలకుండా కూర్చున్నాడు. చాలాసేపటికి పేరు మొత్తం బయటికొచ్చింది. వాడి వెనక నిలబడ్డ మాధవీలత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.

"కొంప ముంచేవు బాబాయ్," అన్నాడు రాజబాబు. కోపం కంటే దిగులే ఎక్కువ ఉంది అతని గొంతులో. బెంచీ మీది పిల్లల్లో సగం మంది అప్పటికే "తాతాజీ అంట" అని నవ్వుకుంటున్నారు.

కబురు అతని కంటే ముందే ఊరు చేరింది. చర్చి కుర్రాళ్లు మర్నాడు వచ్చి, "పిల్లలకి తెలిసిపోయింది కదండీ, ఈ ఏడాది ఇంకొకరిని చూసుకుంటామండి," అని మర్యాదగానే మాస్కూ గౌనూ పట్టుకెళ్లారు. కేరల్స్ వీధిలోకి వచ్చిన రోజు తాతాజీ తలుపేసుకుని కూర్చున్నాడు. డప్పు వినబడుతుంటే కాళ్లు ఆగలేదు, కళ్లలో నీళ్లూ ఆగలేదు. సత్యవేణి వచ్చి పక్కన కూర్చుంది.

"ఎందుకు చెప్పేరండి, నోరు మూసుకుని ఊరుకోక?"

అతను తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. చేసినందుకు విచారం లేదు. పోయినదాని మీద బెంగ మాత్రం ఉంది. రెండూ ఒకేసారి ఉండొచ్చు.

జనవరిలో ఒక ఆదివారం పొద్దున్న కొబ్బరికొట్టు ముందు ఒక స్కూటీ ఆగింది. నడుపుతున్న ఆవిడ దిగలేదు. వెనక కూర్చున్న కుర్రాడు దిగి, డొక్కల గుట్టలు దాటుకుని లోపలికొచ్చాడు. అక్కడ పనివాళ్లందరి ముఖాలూ ఒక్కొక్కటే చూశాడు. ఎవరిని వెతుకుతున్నాడో ఆ మనిషి ముఖం వాడెప్పుడూ చూడలేదు. తప్పదని ఊపిరి పీల్చుకుని అడగబోయాడు.

"త..."

"తాడా బాబూ?" అన్నారొకరు. "తట్ట కావాలేమో," అన్నారు ఇంకొకరు. మంచివాళ్లని ముందే చెప్పుకున్నాం కదా.

గునపం దగ్గరున్న తాతాజీ కాయ కింద పెట్టి, చెయ్యెత్తి అందరినీ ఆపాడు. పిల్లాడు మళ్లీ మొదలుపెట్టాడు. ఆగాడు, మళ్లీ పట్టుకున్నాడు, ఎర్రబడ్డాడు. ఎవరూ మాట అందించలేదు.

"త... త... తాతాజీ గారున్నారా అండి?"

"ఆయ్," అన్నాడతను. "నే... నేనే."