ఎల్లారెడ్డిలో మంచుదేశపు గుడ్లగూబ

2012 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం సుగుణమ్మ పెద్దమ్మ ఎల్లారెడ్డి నుంచి ఫోన్ చేసింది. ఆమె, మా అమ్మ ఒకప్పుడు ఒకే మిషన్ ఆస్పత్రిలో నర్సులు.

"బిడ్డా, నా తాన ఒక గుడ్లగూబ బొమ్మ ఉన్నది. శనివారం పాత సామాన్లు కొనే ఒకాయన దానికోసం వస్తుండు, రెండువేలు ఇస్తనన్నడు. నువ్వు బొమ్మల టీచరువు గదా, ఒక్కసారి చూసిపో."

నేను హైదరాబాద్‌లో కాగితం మీద అచ్చుబొమ్మలు తీసే కళ నేర్పుతాను. అదెక్కడిదని అడిగాను. "మా ఆస్పత్రి కెనడా డాక్టరమ్మ తన దేశం పోయేటప్పుడు ఇచ్చింది" అంది. కెనడా, గుడ్లగూబ. అక్కడి మంచుదేశపు అచ్చుబొమ్మల్లో గుడ్లగూబలకు పెద్ద పేరు. ఆ రెండు మాటలు విన్నాక ఇక నిలవలేకపోయాను.

శనివారం ఉదయం సికింద్రాబాద్‌లో రైలెక్కి పదింటికి కామారెడ్డిలో దిగాను. బస్టాండు దగ్గర ఇడ్లీ తిని, పదిన్నరకు ఎల్లారెడ్డి బస్సు పట్టుకున్నాను. నా చేతిలో భూతద్దం చూసి పక్క సీటు పెద్దాయన "విత్తనాలు చూసే మేడమా?" అన్నాడు.

"కాదు బాపు, ఒక బొమ్మను చూడనీకి పోతున్న."

"బొమ్మకు భూతద్దమెందుకమ్మా, కండ్లు చాలవా?" అని ఆయన లింగంపేటలో దిగిపోయాడు.

పన్నెండు కాకముందే ఇల్లు చేరాను. పెద్దమ్మ జొన్నరొట్టె, చిక్కుడుకాయ కూర పెట్టింది. ఆమె తమ్ముడి కొడుకు డేవిడ్ తొందరలో ఉన్నాడు. "మూడింటికి ఆయనొస్తడు మేడం. ఇస్తనని మాటిచ్చిన. ఇంట్ల గుడ్లగూబ ఉంటే మంచిది గాదంటరు, పోతే పీడ పోతది."

పెద్దమ్మ ముఖం చిన్నబోయింది. "మా పాపకు జ్వరమొస్తే ఈ పిట్టవల్లనే అని మా అత్త గోడకున్నదాన్ని తీసి బయట పారేసింది. నేను ఎత్తుకొచ్చి బీరువాల దాచిన. మొన్న డేవిడ్ చూసి ఆయనకు చూపేదాక ఎవ్వరికీ చూపలే."

చీరల వెనక నుంచి చట్రం తీసింది. రెక్కలు విప్పిన గుడ్లగూబ, దాని కింద రెండు పిల్లలు. నల్లరంగు, ఎర్రరంగు, అంతే. చేతులు కడుక్కుని, వెనక మేకులు ఒక్కొక్కటే పట్టకారుతో తీశాను. క్యాలెండర్ బొమ్మయితే భూతద్దంలో రంగు చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. ఇక్కడ ఒక్క చుక్క లేదు. పలుచని చేతికాగితం, అందులో నారపోగులు. సిరా వెనక్కి ఊరింది. కింద పెన్సిలుతో బొమ్మ పేరు, రాతి అచ్చు అన్న మాట, 19/50, ఒక ఊరి పేరు, 1965. మూలన కొక్కేల్లాంటి, త్రిభుజాల్లాంటి అక్షరాలు. వేలితో తడిమితే కాగితంలో ఉబ్బెత్తు ముద్ర తగిలింది.

"పెద్దమ్మా, ఇది ఇన్యూట్లు చేసింది. మనం చిన్నప్పుడు ఎస్కిమోలని చదువుకున్నామే, వాళ్లు. ఈ మూల అక్షరాలు వాళ్లవే. రాయిని చెక్కి, సిరా పూసి, కాగితం పరిచి చేత్తో రుద్ది తీస్తరు. యాభై తీసిండ్రు, ఇది పంతొమ్మిదోది" అన్నాను.

మూడింటికి కొనేవాడు వచ్చాడు. "క్యాలెండర్ బొమ్మమ్మా ఇది. చట్రం కోసం తీసుకుంటున్న" అన్నాడు. నేను భూతద్దం ఆయన చేతికిచ్చి "చుక్కలు చూపించండి" అన్నాను. చాలాసేపు చూశాడు. తలెత్తి, "పదివేలిస్త" అన్నాడు.

డేవిడ్ లేచి నిలబడ్డాడు. "క్యాలెండర్‌కు పదివేలేందన్నా? పోయి రా."

ఇక విలువ తేలాలి. ఫొటోలు తీసుకుని నాలుగున్నర బస్సుకు కామారెడ్డి వచ్చాను. నెట్ సెంటర్ నుంచి కెనడాలో ఇలాంటివి వేలం వేసే ఒక సంస్థకు అన్నీ పంపి, స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగాను. ఆదివారం తొమ్మిదింటికి సెంటర్ తెరిచేసరికి జవాబు వచ్చి ఉంది: ఫొటోలను బట్టి అసలైనదే అనిపిస్తోంది, ముద్ర, సంఖ్య, సంవత్సరం తమ జాబితాతో సరిపోయాయి, వెనక అట్ట నుంచి దిగిన మరక అంచుకు అంటినా, వేలంలో నాలుగు వేల డాలర్ల దాకా రావచ్చు.

అక్కడి నుంచే ఫోన్ చేశాను. "మన లెక్కల రెండు లక్షలు, పెద్దమ్మా!"

అవతల నవ్వు, ఆ వెంటనే ఏడుపు. "ఇన్నేండ్లు అందరూ పీడ అన్నరు బిడ్డా. నేను పిచ్చిదాన్ని కాదు గదా?"

"కాదు. అమ్ముదామా?"

"ఇప్పుడైతే అమ్మేది లేదు. ముందు గోడకు పెట్టుకుంట. ఎవ్వరేమంటరో చూస్త!"

అద్దానికి తగలకుండా, వెనక అట్ట మార్చి కొత్త చట్రం కట్టించాలని, ఎండ పడని గోడ చూసుకోవాలని డేవిడ్‌కు ఫోన్‌లోనే రెండుసార్లు చెప్పి మధ్యాహ్నం రైలెక్కాను. ఇరవై ఏళ్లుగా ఇలాంటి అచ్చులను పుస్తకాల్లోనే చూపి పాఠం చెప్పాను. మొదటిసారి ఒకదాన్ని చేత్తో తాకింది ఎల్లారెడ్డిలో, ఒక నర్సు చీరల బీరువా ముందు. కిటికీ పక్కన కూర్చుని నాలో నేనే నవ్వుకుంటున్నాను.

భిక్నూర్‌లో టమాటా గంపతో ఎక్కినామె నన్ను చూసి, "ఏందమ్మా, అంత సంబురంగున్నవ్?" అంది. కెమెరాలో బొమ్మ చూపించాను. గుడ్లగూబ అనగానే ముఖం తిప్పుకుంటుందనుకున్నాను. ఆమె కొంగుతో చేయి తుడుచుకుని, కెమెరా అందుకుని దగ్గరగా చూసింది.

"పిల్లలను ఎంత మంచిగ కప్పుకున్నది!" అంది.