సంతలో నిలబడిన మనిషి

పోయినవి లెక్క వేస్తే ఇవి: మగ్గాలు రెండు, అవి ఆడిన ఇంటి పంచ ఒకటి, తెలుగు పుస్తకాలు అద్దెకిచ్చే అంగడి ఒకటి, మా ఇంట్లో తెలుగు చదివే పిల్లలు అందరూ. మొన్న తిరుత్తణి బస్టాండు గోడమీద, కథలు రాయడం నేర్పుతామని అంటించిన అరవ కాగితం చూసి వచ్చి ఈ లెక్క వేశాను. ఐదో తరగతితో బడి మానేసి, పోగుల లెక్క నాకు నేనే నేర్చుకున్నవాణ్ణి, అయినా వేసిన లెక్కలో ఒకటి ఎప్పుడూ తేలడం లేదు.

డెబ్బైలలో మా ఊరు పళ్ళిపట్టులో మా పెద్దమ్మ కథలు చెప్పేది, అదీ మగ్గానికి పడుగు, అంటే నిలువు పోగులు, అతికేటప్పుడే. అయిపోయిన పడుగు కొసలకు కొత్త పడుగు పోగులను బూడిద అద్దుకున్న వేళ్ళతో ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి, ఆ పని అయ్యేదాకా కథ సాగేది, కొస పోగు అతికిందంటే కథ ఎక్కడుంటే అక్కడ ఆగేది, మిగతాది మళ్ళీ పడుగు వచ్చినప్పుడే. ఒకసారి, ఆరణి సంతకు ఒంటరిగా చీరలు అమ్మబోయిన ఒక ఆడమనిషి కథ, ఆమె చీకటిపడుతున్న సంతలో మూట పట్టుకుని నిలబడ్డ చోట ఆగింది. అంతవరకే రాసి, తిరువళ్ళూరులో ఉండే మా మామకు చూపించాను. ఆయన పెద్దమ్మకు తమ్ముడు, మా వాళ్ళలో కథలు అచ్చయిన మనిషి ఆయనొక్కడే.

సంఘటనతో మొదలుపెట్టాలన్నాడు, పనికిరాని మాటలు కోసెయ్యాలన్నాడు, చివర చదివేవాడి గుండె అదరాలన్నాడు. కాగితాలు ఉంచి వెళ్ళమంటే ఉంచి వచ్చాను. రెండు నెలలకు అది నా పేరుతో అచ్చయింది. చివర ఆ ఆడమనిషి పూండి డ్యాము నీళ్ళలో దూకింది. ఆ ముగింపు మామ రాసిందే, నన్ను ఒక్క మాట అడగలేదు.

పత్రిక పట్టుకుని మామే వచ్చి పెద్దమ్మకు చదివి వినిపించాడు. విన్నంతసేపూ ఆమె నూలు కండెలు చుడుతూనే ఉంది.

“నేను దాన్ని సంతలో నిలబెట్టి వస్తినే, నువ్వు చంపేస్తివా అబ్బోడా?”

“ఎట్లన్నా ముగించాల గదక్కా. లేకుంటే అది కథ అయితాదా?”

“నిన్నెవురు ముగించమన్నారు? ఇంగా పడుగు రాలేదే.”

“సరిలే, పేపర్లో వచ్చినాదని సంతోషపడు.”

“చచ్చినదాన్ని తలుచుకోని సంతోషం యాడినుంచి తెచ్చేది?”

తర్వాతి పడుగు వచ్చింది. పెద్దమ్మ కథ ఎత్తకుండానే అతికింది, ఆ తర్వాతవీ అట్లాగే. మామ ఆ ముగింపును మెచ్చుకుంటూ తిరువళ్ళూరులో కుర్రవాళ్ళకు పాఠాలు చెప్పాడు. పెళ్ళైన కొత్తలో పెద్దమ్మే ఆరణి సంతకు చీరలు మోసుకుపోయేదని, ఒకసారి మూడు రోజులు ఇంటికి రాలేదని, ఎక్కడుందో ఎవరికీ చెప్పలేదని, ఆమె పోయాక మా అమ్మ చెప్పింది.

ఆ బస్టాండు కాగితం మీద మామ సలహాలే ఉన్నాయి, అరవంలో. ఇప్పుడు అందరికీ కథ ముగించడం తెలుసు, మిగతాదానికోసం ఇంకో పడుగు దాకా కాచుకునే మనిషే కనబడడు. నా లెక్కలో మాత్రం ఆమె మూటతో ఆ సంతలోనే ఉంది. తేలనిది అదే, రావలసిన అరకథ.