ఆఖరి చరణం

అవనిగడ్డ బస్సు చల్లపల్లి దాటేసరికి ఆకాశం నల్లబడింది. చేపల వేట నిషేధం ముగిసి సముద్రం మీదికి వెళ్తున్న కుర్రాళ్లు, వెనక సీట్లలో ఫోన్‌లో పాట పెట్టి ఊగిపోతున్నారు. ఆ ఏడాది ఊళ్లన్నీ స్టెప్పులేసిన డీజే పాట అది.

నా పక్కనున్నావిడ మెల్లగా అంది.

"ఆ పాట ముందు నేను పాడిందేనండీ. నెమ్మదిగా ఉందని ఎవరూ వినలేదు. తర్వాత ఎవరో డాన్సుకని స్పీడు పెంచి, వేరే అమ్మాయి చేత పాడించారు. ఆఖరి చరణం తీసేశారు."

"ఏముందండీ అందులో?"

ఆవిడ వెనక్కి చూసి గొంతు తగ్గించింది. "మా తమ్ముడి పడవ తిరిగి రాలేదని."

"వాళ్లకి చెప్పచ్చు కదండీ?"

"వేటకెళ్లేవాళ్ల ముందు ఆ మాట అనకూడదండీ."

కిటికీలోంచి చినుకులు కొట్టాయి. నేను షట్టర్ దించుతుంటే ఒక కుర్రాడు ఆవిడకేసి చూసి కేకేశాడు. "మీరూ చప్పట్లు కొట్టండక్కా!"

ఆవిడ కొట్టింది. పాట ఆగింది కానీ ఆవిడ చేతులు ఆగలేదు. ఇంకో చరణమంత సేపు, నెమ్మదిగా, కొడుతూనే ఉంది. కుర్రాళ్లు నవ్వారు.

ఇప్పటికీ ఏ పెళ్లిలోనైనా ఆ పాట ఆగితే, నా చేతులు ఇంకో చరణమంత సేపు చప్పట్లు కొడుతూనే ఉంటాయి.